స్తంభాలు లేని పోర్టికో

18 డిసెంబరు 1941, హుజూర్‌నగర్ క్యాంపు

పెట్టె వచ్చింది. పోస్టు మనిషి సైకిలు మీద నుంచి దించుతూ ఇందులో ఏముందని అడిగాడు. మంచు అన్నాను. నమ్మలేదు.

నిజంగానే మంచు. సిమ్లా బడి టీచరు ఈసారి ఆరు ఫోటో ప్రింట్లు పెట్టాడు. దేవదారు కొమ్మలు బరువుకు వంగి ఉన్నాయి. ఒకదానిలో తోట బెంచీ, దాని మీద మనిషి కూర్చున్నంత ఎత్తు మంచు. బొంబాయి డ్రాఫ్ట్స్‌మన్ ఎప్పటిలాగే సముద్రం ఒడ్డున కట్టిన కొత్త ఇళ్లు పంపాడు. గుండ్రటి బాల్కనీలు, ఓడకు ఉండేలాంటి కిటికీలు. మక్తల్ మిషన్ బడి పంతులమ్మ పుష్పమ్మది జొన్న చేను, తెల్లవారు జామున. ఎదురెండకు పెట్టి తీసినా ఆకుల మీద నీటిబొట్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎలా తీసిందో తెలియదు.

ఫోటోలు తీసి పెట్టెలో తిప్పుకునేవాళ్లం మేం ఐదుగురం. ఈ ముగ్గురు, సికింద్రాబాదు సెక్రటరీ, నేను. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. పెట్టె చేరిన వారం లోపల అందరి ప్రింట్ల వెనకా అభిప్రాయం రాయాలి. మన పాతవి తీసి కొత్తవి పెట్టాలి. తర్వాతి వారికి పంపాలి. నా తర్వాత మక్తల్.

22 డిసెంబరు

బొంబాయి ఇళ్ల ప్రింటు వెనక రెండు ముక్కలు రాసి ఆపేశాను. అసూయ, ఇంకేం కాదు.

జనవరి చివరికి నా దవాఖాన కూడా పూర్తవుతుంది. చింతలవాయిలో. నక్షా హైదరాబాదు నుంచి వచ్చింది. ఓవర్సీరుగా కట్టించేది నేను. వాకిలి ముందు ఎనిమిది అడుగుల పోర్టికో, కింద ఒక్క స్తంభం లేదు. గోడలోంచి బయటికి చాచిన కాంటిలీవర్. ఈ తాలూకాలో ఇలాంటిది ఇంకోటి లేదు. అక్కడ ఊడ్చే ఈదమ్మ దాన్ని దవాఖాన టోపీ అంటుంది.

3 జనవరి 1942

నాలుగున్నరకే సైకిలెక్కి మట్టపల్లి రేవుకు పోయాను. కృష్ణ మీద మంచు. అవతలి ఒడ్డు లేదు. ఒక పుట్టి కాసేపు కనిపించింది, కాసేపు అందులో నిలబడ్డ మనిషి మాత్రమే కనిపించాడు. రెండు ఫోటో ప్లేట్లు తీశాను.

చింతలవాయి చేరేసరికి పది దాటింది. మేస్త్రీ అంజన్న పోర్టికో స్లాబు అప్పటికే పోయించాడు. చేతులు కడుక్కుంటున్నాడు. సరే అన్నాను.

4 జనవరి

మంచు ప్లేటు కడిగాను. నా చేతి నుంచి ఇంత మంచిది ఇదివరకు రాలేదు.

1 ఫిబ్రవరి

సెంట్రింగు ఊడదీశాం. పోర్టికో నిలబడింది. కూలీలు కిందికి పోవడానికి జంకారు. నేను పోయి నిలబడ్డాక వచ్చారు.

పక్క నుంచి ఫోటో తీశాను. అరుగు గీత, కిటికీల గీత, పైన పోర్టికో అంచు. స్టాండు మూడు కాళ్లు ఆనిన చోట మూడు రాళ్లు పాతించాను. ఓపెనింగు మార్చి 15న. ఆ రోజు ఇదే చోటు నుంచి జనంతో తీయాలి. డాక్టరు సాబ్ అప్పటిదాకా ఆగనన్నాడు. రేపటి నుంచే రోగులను చూస్తాడట.

9 ఫిబ్రవరి

పెట్టె మళ్లీ వచ్చింది. మంచు, పోర్టికో రెండూ పెట్టి మక్తల్‌కు పంపాను. పక్కపక్కనే పెట్టాను.

21 ఫిబ్రవరి

పుష్పమ్మ నుంచి విడిగా ఉత్తరం. పెట్టె తిరిగి వచ్చేదాకా ఆగలేక రాస్తున్నానంది.

మొదట మంచు గురించి. బడి పిల్లలకు చూపిందట. నది కింద పొయ్యి ఎవరు పెట్టారని అడిగారట. తర్వాత వాళ్ల నాయిన సంగతి. పేరు సాయిలు. చిన్నప్పుడు దొర గడీ కట్టేటప్పుడు వెట్టికి రాళ్లు మోశాడు, మోస్తూనే తాపీ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాడు. నా పోర్టికో ప్రింటు మీద ఆయన దారం పెట్టి చూశాడట. అరుగుకు ఒక దారం, పోర్టికో అంచుకు ఒకటి. ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాసింది: "బిడ్డా, గిది ముందలికి వంగుతాంది. గా ఓర్సీర్ సాబ్‌కు రాయి. కింద ఎవ్వల్ని కూసోనియ్యొద్దని చెప్పు."

కెమెరా దోషమే అయితే మన్నించమంది.

22 ఫిబ్రవరి

కెమెరా కాస్త ఒరిగిందని జవాబు రాశాను. ఒక్క వాక్యం.

1 మార్చి

వేరే పని మీద చింతలవాయి పోయాను. కెమెరా ఎందుకు తీసుకుపోయానో నాకే తెలియదు. స్టాండును ఆ మూడు రాళ్ల మీదే పెట్టాను.

గురువారం సంత ఉన్నప్పుడు ఎండకు జనం పోర్టికో కిందే కూర్చుంటున్నారట. ఈదమ్మ సంబరంగా చెప్పింది. పోయినసారి నలభై మంది దాకా ఉన్నారట.

2 మార్చి, పొద్దున

రెండు నెగెటివ్ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఎత్తి చూశాను. ఫిబ్రవరిది, నిన్నటిది. అరుగు మీద అరుగు కూర్చుంది. కిటికీల మీద కిటికీలు కూర్చున్నాయి. మెట్లు కూడా. పోర్టికో అంచు మాత్రం రెండుగా కనిపించింది, నిన్నటిది కిందికి.

మూడుసార్లు పెట్టి చూశాను. మూడుసార్లూ అంతే.

అదే రోజు, మధ్యాహ్నం

అంజన్నను పిలిపించాను. పోర్టికో స్లాబులో ఇనుప సలాకలు ఎక్కడ వేశావని అడిగాను.

"కిందనే ఏసినం సాబ్. ఏ స్లాబుకైనా కిందనే కదా ఏస్తం."

గోడలోంచి బయటికి చాచిన స్లాబుకు సలాకలు పై భాగంలో ఉండాలి. పైన లాగి పట్టేది అవే. కింద వేస్తే వేయనట్టే. అది అంజన్నకు తెలియాల్సిన పని కాదు. పోసే ముందు నేను చూసి చెప్పాల్సిన పని. మామూలుగా చెప్తాను.

"పొద్దుగాల మీ కోసం జర సేపు చూసినం. మీరు రాకపోతిరి. కలిపిన మాలు గట్టి పడుతదని పోసినం. ఏమైంది సాబ్?"

ఏం కాలేదన్నాను.

రాసుకోవాలి. జనవరి మూడో తారీఖు పొద్దున ఏడు గంటలకు నేను చింతలవాయిలో ఉండాల్సింది. మట్టపల్లి రేవులో ఉన్నాను. నా జన్మలో తీసిన మంచి ఫోటో అదే సమయంలో తీశాను.

3 మార్చి

ఆరు తాటి మొద్దులు కొట్టించి పోర్టికో కింద ఊతలు పెట్టించాను. చుట్టూ తాడు కట్టించాను. లోపలికి పక్క తలుపు నుంచే పోవాలని చెప్పాను. డాక్టరు సాబ్ కోప్పడ్డాడు. ఈదమ్మ చీపురు పట్టుకుని తాడు దగ్గర కూర్చుంది. ఎవరొచ్చినా తరుముతోంది.

6 మార్చి

మా ఇంజనీరు వచ్చి చూశాడు. ప్లేట్లు చూపించాను. మంచివాడు, అరవలేదు. 15న తాలూక్‌దారు సాబ్ వస్తున్నాడు, ఆ ఒక్క రోజు మొద్దులు తీసేయి, తర్వాత మెల్లగా చూద్దాం అన్నాడు. ఒక్క రోజులో ఏమవుతుందని అడిగాడు.

తెలియదన్నాను. ఆ రోజు దాని కింద రెండు వందల మంది ఉంటారని మాత్రం చెప్పాను.

8 మార్చి

కాగితం రాసిచ్చాను. తప్పు ఎవరిది, ఎట్లా జరిగింది, ఏం చేయాలి. మేస్త్రీ దోషం లేదని రాశాను. ఇంజనీరు రెండుసార్లు చదివాడు. చివరికి ఒక్క లైను మీద వేలు పెట్టాడు. ఫోటో కోసం పోయానని ఎందుకు రాశావు, ఆ రోజు జ్వరం అని రాయి, నేను సంతకం పెడతాను అన్నాడు.

జ్వరం లేదు కదా అన్నాను.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ తెప్పించాడు. ఇద్దరం తాగాం.

13 మార్చి

ఆర్డరు వచ్చింది. ఓపెనింగు వాయిదా. ముందు రెండు స్తంభాలు కట్టాలి. అవి అయ్యాక నన్ను ఓవర్సీర్ పని నుంచి తీసి రోడ్డు గ్యాంగు మీద వేస్తారు. మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. పుష్పమ్మకు రాశాను. ఈసారి ఒక్క వాక్యం కాదు.

2 ఏప్రిల్

సాయిలు వచ్చాడు. మక్తల్ నుంచి ఇక్కడికి! రైలు, మోటారు, చివరి ఆరు మైళ్లు నడక. బిడ్డ వద్దన్నా వినలేదట. సన్నటి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. చంకలో మూట, మూటలో తాపీ, తూకపు గుండు.

మొద్దుల మధ్య దూరి పైకి చూశాడు. తాపీ కామతో తట్టి విన్నాడు.

"భయం లేదు ఓర్సీర్ సాబ్. దీన్ని కూలగొట్టే పని లేదు. ముందల రెండు కాళ్లు పెడితే కింది సలాకలు గప్పుడు పనికొస్తయి."

అది నాకూ తెలుసు. అయినా ఆయన నోట విన్నాక ఈ రాత్రి నిద్ర పడుతుందనిపిస్తోంది.

11 ఏప్రిల్

మేళ్లచెరువు రాయి తెప్పించాం. సాయిలు, అంజన్న కలిసి కడుతున్నారు. అంజన్న రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు నుంచి ఒకే సద్ది తింటున్నారు.

మధ్యాహ్నం సాయిలు మంచు ఫోటో ఒక కాపీ కావాలని అడిగాడు. ఆ ప్లేటు పగలగొడదామనుకుంటున్నానని చెప్పాను.

"ఎందుకు? గది మంచిగున్నది. గదేం చేసింది? చేసింది నువ్వు. నా బిడ్డ గా ఫోటో చూసుకుంట రెండు దినాలు అన్నం సరిగ తినలే. తియ్యి, ఒకటి తీసియ్యి నాకు."

మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు. ప్రింటు తీసిచ్చాను.

19 ఏప్రిల్

స్తంభాలు నిలబడ్డాయి. మొద్దులు తీసేశాం. పోర్టికో బాగాలేదు. చదరపు రాతి స్తంభాలు, పైన సన్నటి కాంక్రీటు. పల్లకిని మోసేవాళ్లు దింపకుండా నిలబడ్డట్టుంది.

మూడు రాళ్ల మీద స్టాండు పెట్టి తీశాను. మొన్న తిరిగొచ్చిన పెట్టెలో పెట్టాను. జనవరి మూడో తారీఖు పొద్దున నేనెక్కడున్నానో దాని వెనక రాశాను.

సాయిలును మోటారు ఎక్కించాను. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 

9 జూన్

పెట్టె తిరిగి వచ్చింది. బొంబాయి అతను మొదటి పోర్టికోనే బాగుందని రాశాడు. నిజమే. సిమ్లా టీచరు ప్రింటు వెనక నేను రాసినదాని కింద అభిప్రాయం రాయలేదు. సంతకం మాత్రం పెట్టాడు. పుష్పమ్మ ఫోటో ఈసారి ఒకటే. మక్తల్ ఇంటి గోడ, గోడ మీద మేకుకు నా మంచు, దాని కింద వాళ్ల నాయిన కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఫోకస్ సరిగ్గా ఆయన చేతుల మీద ఉంది.

యుద్ధం వల్ల కాగితం దొరకడం లేదు, పెట్టె ఇక తిరగదని సెక్రటరీ రాశాడు. ఎవరి దగ్గర ఉన్నవి వారే ఉంచుకోవాలట. ఈ పెట్టె నా దగ్గరే ఉంటుంది.

14 జులై

వాన. రోడ్డు గండి చూసి వస్తూ చింతలవాయిలో ఆగాను. మారెమ్మ అనే ఆమెను ఎడ్లబండి మీద తెచ్చారు. లోపలికి పోయే వ్యవధి లేదు. పోర్టికో కింద, ఎడమ స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని కన్నది. ఆడపిల్ల.

కాంపౌండరు రిజిస్టరు తెచ్చాడు. పుట్టిన జాగా దగ్గర దవాఖాన అని రాయాలా, బయట అని రాయాలా అని నన్నడిగాడు.

"స్తంభం కాడ అని రాయి" అంది ఈదమ్మ.

రాశాడు.