మలుపులో పాదం మోపే చోటు

నాగాయలంక,
20 ఆగస్టు 2005, శనివారం.

ప్రభువు కాపుదలలో ఉన్న రత్నకుమారికి, నీ ఇంటాయన జకరయ్య వందనాలతో రాస్తున్నది.

ఇక్కడ మేమందరం క్షేమం అని రాయబోయి, "అందరం" దగ్గర ఆగిపోయాను. ఉన్నవాళ్లం బాగానే ఉన్నాం. వినీల పది రోజులుండి నిన్ననే చిలకలపూడి వెళ్లింది. అమ్మాయికి ఐదో నెల. వాంతులు తగ్గాయి, కంగారుపడకు. వారం నుంచి ఎడతెరిపి లేని వాన. నాట్లు మునిగాయని ఊరంతా గోల. మన పెరటి గోడ ఒరిగితే కర్ర ఆనించాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మేడమ్ గారు సెలవివ్వక బిడ్డ భూస్థాపనకు కూడా రాలేకపోయానని రాశావు. కువైట్ నుంచి నువ్వు ఎగిరి రాలేవు కదా కుమారీ, అది నీ తప్పు కాదు.

జోయెల్ చివరిగా ఏమన్నా అన్నాడా అని అడిగావు. బండి మీంచి పడ్డాక ఏమీ అనలేదు. అవనిగడ్డ ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఆ మధ్యాహ్నం మాత్రం మన కూడికల కరపత్రాలు సంచిలో పెట్టుకొని, "ఆరింటికల్లా వచ్చి మైకు నేనే కడతానండి నాన్నగారూ, మీరు ఆ వైర్ల జోలికి వెళ్లకండి, పోయినసారి షాకు కొట్టింది" అన్నాడు. నవ్వుతూనే వెళ్లాడు.

నువ్వు వాడికి పంపిన బూట్లు ఎవరికైనా ఇచ్చానా అన్నావు. ఇవ్వలేదు. ఎందుకో చెబుతాను.

"బ్రేకు సరిగా చూడని ఆ ధనరాజు చేతులు పడిపోను" అని రాశావు. ఆ మాట వెనక్కి తీసుకో. ఆ మెకానిక్కు చేతుల్లో ఏ దోషమూ లేదు. బ్రేకు పట్టలేదని నీకు రాసింది నేను. సమాధి దగ్గర సంఘమంతా వినేలా చెప్పిందీ నేనే. అది అబద్ధం. ముప్పై ఏళ్లుగా అబద్ధికులను అగ్నిగుండంలోకి పంపిన ఈ నోటితో, నా బిడ్డ పెట్టె మీద మట్టి వేస్తూ చెప్పాను. ఆ రోజు నుంచి ధనరాజు షెడ్డుకు మన సంఘం వాళ్ల బండి ఒక్కటీ వెళ్లలేదు.

జరిగింది విను. మే నెలాఖరు ఉపవాస కూడికలో మన సంఘ పెద్ద తాతారావు గారు లేచారు.

"అయ్యగారూ, మరోలా అనుకోకండి. మీ వాడు కాలవ లాకుల మలుపులో బండి మీంచి సగం కిందికి వేలాడుతున్నాడండీ. మోకాలు రోడ్డుకి రాస్తన్నాడు. సర్కసోళ్లు నయం!"

అందరూ నవ్వారు. నా ముఖం మండిపోయింది. నాకు కోపం వస్తే వాక్యం దానంతటదే నోట్లోకి వస్తుందని నీకు తెలుసు. నీ పాదం తొట్రిల్లనివ్వనివాడు పైన ఉండగా నీకీ వేషాలేమిట్రా అని వాడిని లేపాను.

వాడు బెదరలేదు. కుర్రతనంలో మద్రాసు రేసుల్లో తిరిగిన ధనరాజు నేర్పినదంతా ఓపిగ్గా చెప్పాడు. "వేషం కాదండి నాన్నగారూ. మలుపులో మనిషి లోపలికి ఒరిగితే బండి తక్కువ ఒరుగుద్ది. టైరుకి పట్టు ఉంటుంది. పాదం మధ్యభాగం కూడా ఆనించకూడదండి. వేళ్ల మొదలు ఫుట్‌రెస్టు మీద ఉండాలి. లేకపోతే బూటు ముక్కు కిందికి దిగి రోడ్డుకి తగులుద్ది."

"అంటే నిటారుగా కూర్చున్న మర్యాదస్తుడు పడతాడా?"

"ఆ మలుపులో, నేనెళ్లే స్పీడులో అయితే పడతాడండి."

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. సంఘం ముందు నాకే పాఠమా! బైబిలు తెరిచి వాడి ముందు పెట్టాను. చెయ్యి పెట్టించాను. వీపు నిటారుగా ఉంచుతాను, పాదం పూర్తిగా ఆనిస్తాను, కాలు బ్రేకు మీదే పెడతాను అని నేను ఒక్కో ముక్కా పలికితే వాడు నా వెనక పలికాడు. మన దగ్గర ఆ మ్రొక్కుబడికి ఎంత విలువో నీకు వేరే చెప్పాలా? తాగుడు మానినవాళ్లు అలాగే చెయ్యి పెట్టి మానారు. తప్పితే దేవునితో తప్పినట్టేనని వాళ్లను భయపెట్టింది నేనే.

తర్వాత పన్నెండో రోజు పడ్డాడు. అన్నాళ్లూ వాడు నిదానంగానే నడిపాడట. ఆ సాయంత్రం వాన ముంచుకొస్తోంది, కూడికకు వేళ మించిపోతోంది. పాత వేగంతోనే లాకుల మలుపులోకి వచ్చాడు. కూర్చున్నది మాత్రం నేను చెప్పినట్టు.

రొయ్యల చెరువు దగ్గర పనిచేసే అంకమ్మ గట్టు మీద నుంచి చూసింది. మూడో రోజున ఇంటికొచ్చి కూర్చుని ఏడ్చింది. "అయ్యగారూ, ఎప్పుడూ అక్కడ గాలిపటంలాగా పక్కకి వాలి పోయే బాబండీ. ఆ రోజు బడిలో బెంచీ మీద కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడండీ. కుడికాలు ఏదో పట్టి లాగినట్టు ఎగిరిపోయింది. బండి జారి ఎడమ పక్క లాకుల గోడకి కొట్టుకుంది."

నేను ఆమెకు మంచినీళ్లు ఇచ్చి పంపించేశాను. అంతే. అప్పటికే బ్రేకు మాట సంఘానికి చెప్పేశాను.

పోయిన వారం ధనరాజు వచ్చాడు. తిట్టడానికనుకున్నాను. జోయెల్ కుడి బూటు పట్టుకొచ్చాడు. విరిగిన బండితోపాటు షెడ్డుకు చేరిందట. దాన్ని తిప్పి నా ముందు పెట్టి, "బ్రేకు కాదని మీకు తెలుసు కదండీ" అన్నాడు. కొట్టినా బాగుండేది.

కుమారీ, ఎన్నిసార్లు యెఫ్తా కథ చెప్పాను! తొందరపడి మ్రొక్కుకొని కన్నకూతుర్ని పోగొట్టుకొన్నాడని గొంతు చించుకొని చెప్పి, జనం కన్నీళ్లు తుడుచుకొంటే గర్వపడ్డాను. అతడు మ్రొక్కుబడి తానే చేశాడు. నేను నా బిడ్డ చేత చేయించాను. బైబిల్లో నా పేరుగల యాజకుడిని దేవుడు కొన్నాళ్లు మూగవాణ్ణి చేశాడు. నన్ను కూడా మేలోనే చేసి ఉంటే ఎంత బాగుండేది.

రేపు ఆదివారం. వాక్యం చెప్పే బల్ల దగ్గర నిలబడను. కింద చాపల మీదే నిలబడి అంతా ఒప్పుకొంటాను. ధనరాజును రమ్మని బతిమాలాను. "నేను రానండి. జోయెల్ పేరు మళ్లీ మైకులో వినలేను" అన్నాడు. మైకు పెట్టనులే ధనరాజూ అన్నాను. అప్పుడు తలూపాడు.

సంఘానికి చెప్పకముందే నీకు రాయాలి. అందుకే ఈ ఉత్తరం సాయంత్రం బస్సుకే బందరు పోస్టాఫీసుకు పంపుతున్నాను. నన్ను క్షమించమని రాయను. ఆ మాట నేను జనం చేత మరీ తేలిగ్గా అనిపించాను.

కుడి బూటు నీ ట్రంకు పెట్టెలో ఉంది. తుడవలేదు. వచ్చినప్పుడు తిప్పి చూడు. ముక్కు రోడ్డుకు తగిలి చీరుకుపోయింది. అడుగున వేళ్ల మొదలు దగ్గర రబ్బరు అరిగి నున్నగా ఉంటుంది, అది వాడు నేర్చుకొన్న పద్ధతికి గుర్తు. పాదం మధ్యలో ఫుట్‌రెస్టు గీతలు నల్లగా, కొత్తగా పడి ఉన్నాయి. ఒక్క రోజులో పడేవి కావట. నాగాయలంక నుంచి అవనిగడ్డ దాకా, నేను చూడని రోడ్డంతటా, పన్నెండు రోజులూ వాడు పాదం అక్కడే మోపాడు.

ఇట్లు,
జోయెల్ నాన్న