వీపులు ఆనించుకున్న క్లాసు

అమ్మకు,

నమస్కారాలు. నేను బాగున్నాను. దగ్గు తగ్గింది, ఆకలి పెరిగింది. నువ్వూ, నాన్నా, తమ్ముడూ కూడా అలాగే బాగున్నారని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అందింది. అందులో కబుర్ల కన్నా ప్రశ్నలే ఎక్కువ. వేళకి తింటున్నాను. కిటికీకి తెర కుట్టించాను. గొడుగు పోగొట్టుకోలేదు, బస్సులో మరిచిపోతే కండక్టరు దాచి ఇచ్చాడు. ఇక మన ఊరి లైబ్రరీ ఉద్యోగం ఏమైందని ఉత్తరం మొదట్లో అడిగావు, చివర్లో అడిగావు, మధ్యలో నాన్న అడగమన్నారని కూడా అడిగావు. దానికి జవాబుంది. కానీ ముందు నా క్లాసు సంగతి చెప్పకపోతే ఆ జవాబు నీకు అర్థం కాదు. ఆఖరి పేజీ తిప్పి చూడకు.

నాది సాయంత్రం బ్యాచ్. పగలంతా పనిచేసి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళు. ఒక బస్సు డ్రైవరు, ఒక టైలరు, సెలూన్ నడిపే ఆయన, ఆసుపత్రిలో ఆయా, ఇంకా కొందరు. అందరూ నాకన్నా పెద్దవాళ్ళే. వాళ్ళ ముందు నిలబడితే నాకు గొంతు పెగిలేది కాదు. అందుకే చేరగానే మా సంస్థకి మన ఊళ్ళో ఉన్న లైబ్రరీకి బదిలీ అడిగాను. ఈ పనికి నోరు కావాలి. నాకు పుస్తకాలు కావాలి.

ఈలోగా కాన్వెంటులో సిస్టర్లు మాకు చెప్పినట్టే చెప్పుకొచ్చాను. నేనొక వాక్యం అంటాను, అందరూ కలిసి తిరిగి అంటారు. వాళ్ళ హోరులో నా గొంతు ఎంత చిన్నదో ఎవరికీ తెలియదు. బాగానే సాగిపోతోందనుకున్నాను.

ఒకరోజు మా సంస్థ నడిపే పెద్ద మేడమ్ క్లాసు చూడటానికి వచ్చారు. "మీరెక్కడ పనిచేస్తారు?" అని డ్రైవరన్నను ఇంగ్లీషులో అడిగారు.

"మీరెక్కడ పనిచేస్తారు?" అంది క్లాసంతా, అదే ఇంగ్లీషులో, అదే రాగంలో.

"కాదు కాదు, మీరు చెప్పండి" అన్నారావిడ.

"కాదు కాదు, మీరు చెప్పండి!"

ఆవిడ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

బయటికి పిలిచి, "ఉచ్చారణ బ్రహ్మాండంగా ఉంది. కానీ వీళ్ళు మాట్లాడటం లేదమ్మా, నీ మాటలే నీకు అప్పజెబుతున్నారు" అన్నారు. నెలాఖరుకి మళ్ళీ వస్తారట. అప్పటికీ వాళ్ళు సొంతంగా నోరు విప్పకపోతే బ్యాచ్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. "బెంగపడకు, నీ బదిలీ కాగితం పైకి పంపించాను" అని కూడా అన్నారు.

నిజం చెప్పాలంటే నాకు బెంగ వెయ్యలేదు. ఓడిపోతే ఇంటికి వచ్చేస్తాను. ఇంత మంచి శిక్ష ఎవరికి దొరుకుతుంది?

కానీ మర్నాడు టైలరక్క నన్ను మెట్ల దగ్గర ఆపింది. "మేం బాగా చెప్పలేదా టీచరమ్మా? ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పామే!"

"బాగా చెప్పారు" అన్నాను.

"మా అమ్మాయి బళ్ళో వాళ్ళ టీచరు ఇంగ్లీషులో ఏదో అంటుంది. నేను తలూపి వచ్చేస్తాను. అక్కడ నాతో కలిసి చెప్పడానికి ఈ అన్నలంతా ఉండరుగా!"

ఆవిడ నవ్వుతూనే అంది. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆదివారమంతా ఆలోచించాను. నాకు మాటలు ఎప్పుడొస్తాయి? నా ముఖం ఎవరూ చూడనప్పుడు. నీకు ఉత్తరం రాస్తున్నప్పుడు వచ్చినట్టు. సోమవారం క్లాసులో కుర్చీలన్నీ జతలుగా, వీపులు ఆనేలా వేశాను. ఒకరు తమ గది ఎలా ఉంటుందో ఇంగ్లీషులో చెప్పాలి. వెనకనున్నవాళ్ళు అది విని బొమ్మ గీయాలి. అర్థం కాకపోతే అడగాలి. మన భాషలో మాట దొర్లితే బొమ్మ చింపేసి మళ్ళీ మొదలు.

చాలాసేపు గొంతులు సవరించుకోవడమే వినిపించింది. తర్వాత డ్రైవరన్న "రూమ్" అన్నాడు. కాసేపాగి "స్మాల్ రూమ్" అన్నాడు. టైలరక్క చిన్న గది గీసింది. అయ్యాక అతను వెనక్కి తిరిగి, బొమ్మలో స్టవ్ మంచం మీద ఉండటం చూసి గట్టిగా అరిచాడు.

"నో! స్టవ్ నో బెడ్!"

"యూ సే బెడ్!"

"ఐ సే నియర్ బెడ్! ఐ కుక్, ఐ నో బర్న్!"

వాళ్ళు పోట్లాడుకుంటున్నారమ్మా, ఇంగ్లీషులో! ఆ వ్యాకరణం వింటే సిస్టర్లు మూర్ఛపోయేవారు. నేను ఎర్ర కలం తీసి సంచిలో పడేశాను.

"మరి టీచరమ్మ గది ఎవరు గీయాలి?" అంది ఆయా, ఇంగ్లీషులోనే, తడుముకుంటూ.

"అయ్యో, నాది వద్దండీ" అన్నాను.

"మన భాషలో అన్నారు! మళ్ళీ మొదలు!" అని అందరూ బల్లలు చరిచారు. తప్పలేదు. మన వంటిల్లు ఎలా ఉంటుందో, అందులో నువ్వెక్కడ నిలబడతావో చెప్పాను. సెలూనన్న గీశాడు. నిన్ను తలుపు కన్నా ఎత్తుగా గీశాడు. "మదర్ బిగ్?" అని అడిగాడు. "నో, వాయిస్ బిగ్" అన్నాను. క్లాసంతా నవ్వింది. నీ మీద జోకు వేసినందుకు ఏమీ అనుకోకు. నా మాటకి పదిమంది కలిసి నవ్వడం అదే మొదటిసారి.

నెలాఖరున మేడమ్ వచ్చి, డ్రైవరన్నను మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. మళ్ళీ అందరూ కలిసి అందుకుంటారేమోనని నా చేతిలో చాక్‌పీసు విరిగింది. ఓడితే ఇంటికి రావచ్చన్న సంగతి ఆ క్షణాన గుర్తే లేదు.

"బస్. రెడ్ బస్" అన్నాడు డ్రైవరన్న. తర్వాత కుర్చీ చూపించి "నౌ యూ సిట్, మేడమ్" అన్నాడు.

మేడమ్ కూర్చున్నారు. వెనక టైలరక్క పెన్సిల్ పట్టుకుంది. మేడమ్ తన ఆఫీసు గది వర్ణించారు. టేబుల్, బీరువా, మళ్ళీ ఇంకో బీరువా.

"విండో?" అంది టైలరక్క.

"నో విండో."

"వై?"

"ఎవరూ పెట్టించలేదు, నేనూ అడగలేదు" అన్నారు మేడమ్, ఇంగ్లీషులోనే.

"ఆస్క్!" అంది టైలరక్క.

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. తర్వాత నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, "బ్యాచ్ నీదే. నీ బదిలీ కూడా వచ్చేసింది. ఏది కావాలో నువ్వే చెప్పు" అన్నారు.

అమ్మా, లైబ్రరీ వచ్చింది. నేను వద్దన్నాను.

నువ్వు నా గదికి రంగు వేయించావనీ, నాన్న నా పుస్తకాలకి అల్మరా చేయించారనీ తెలిసే వద్దన్నాను. ఈ ముక్క రాయడానికి ఇన్ని కబుర్ల చాటున నక్కాల్సి వచ్చింది. అక్కడైతే హాయిగా ఉండేదాన్ని, నోరు విప్పకుండా ఏళ్ళు గడిపేసేదాన్ని. ఇక్కడ క్లాసు తలుపు తీసే ముందు ఇప్పటికీ మొదటి వాక్యం లోలోపల రెండుసార్లు అనుకుంటాను. లోపలికి వెళ్ళాక మాత్రం వాళ్ళు అడుగుతారు, నేను చెబుతాను. నిన్న టైలరక్క తన కూతురి బడికి వెళ్ళి టీచరును కలిసొచ్చింది. "వాళ్ళేమడిగారు?" అన్నాను ఆత్రంగా. "వాళ్ళు అడగడమేంటి టీచరమ్మా, నేనే అడిగొచ్చాను" అంది.

నీకు కోపం వస్తుంది. రావాల్సిందే. కానీ జవాబు రాయకు, ఫోన్ చెయ్యి. ఫోన్లో నేను "ఊఁ" తప్ప ఏమీ అననని కదా నీ ఫిర్యాదు! ఆదివారం పొద్దున్నే చేసి ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు. ఈసారి నేను కూడా మాట్లాడతాను.

ఇట్లు,
ఫోను పక్కనే కుర్చీ వేసుకున్న
నీ కూతురు