మూడో ప్రతి

డాక్టరమ్మ గారికి,

మీరు పీకిన పన్నును ఇంట్లో భూతద్దం పెట్టి చూశాను. మీ త్రీడీ స్కానులో కనిపించిన చీలిక వేరు మీద వెంట్రుకలా అలాగే ఉంది. ఎనిమిది నెలల తర్వాత నిన్న నొప్పి లేకుండా భోంచేశాను. "ఎక్కడ నొప్పో వేలితో చూపించండి" అని ఇన్నాళ్లలో అడిగింది మీరొక్కరే. మీ మేలు మరచిపోను.

ఆ స్కాను బొమ్మ ప్రతులు మూడు ఇప్పించండి. ఒకటి నా పాత దంతవైద్యుడికి. మామూలు ఎక్స్‌రే మూడుసార్లు తీసి, "పన్ను బంగారంలా ఉంది పెద్దాయనా, వయసు మీద పడితే ఇలాగే అనిపిస్తుంది" అన్న మహానుభావుడు ఆయనే. వేరును అన్ని వైపుల నుంచీ చూస్తే గాని ఆ గీత దొరకదని ఆయనా తెలుసుకోవాలి. రెండోది మా బావమరిదికి. "బావా, నీ నోట్లో ఉండలేక పన్నే ఏడుస్తోంది" అని నలుగురిలో నవ్వించాడు.

మూడోది నా పుస్తకాల బల్ల మీదికి. మా ఆవిడ రెండేళ్లుగా ఎడమవైపు నమలడం లేదు. నొప్పి అని చెబితే, చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తకుండానే "నీదంతా భ్రమ" అన్నాను. ఈ ఉదయం, "ఎక్కడ నొప్పి?" అని అడిగాను.

"ఇప్పటికి అడిగారా?" అంటూ వేలితో చూపించింది.

సోమవారం తీసుకొస్తున్నాను. స్కానులో గీత కనిపించకపోయినా ఆమె మాట నమ్మండి. నేను నమ్మాను.

కృతజ్ఞతతో,
కుడి దవడ పన్ను పెద్దాయన