ఒక్క పూట పువ్వు

సంబావా కొండమీది తోట నుంచి,
జఫీ మాస్టారికి,

నిన్న వెనిలా కొనే కంపెనీ తెల్లావిడ తనిఖీకి వస్తోందని మా అమ్మాయి సువజారాను మీ బడికి పంపాను. "పిల్లల చెయ్యి పడిన కాయ మాకొద్దు" అని ఆవిడ నాతో చెప్పి, బడికి వచ్చి మా పిల్ల ఫొటో తీసుకుంది. వెనిలా పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుందనీ, ఆ పూటే ముల్లుతో పుప్పొడి అద్దాలనీ, అద్దనిది కాయ కట్టక రాలిపోతుందనీ మీకు తెలుసు. రోజూ అద్దే పిల్ల లేక, నా చత్వారపు కళ్ళకు సగం పూలే ఆనాయి. సాయంత్రం బడి నుంచి వచ్చి, రాలినవి చూసి పిల్ల, "ఇవాళ పూయొద్దని వీటికి చెప్పలేదా నాన్నా?" అంది.

కూలీలను పెట్టుకోమంది తెల్లావిడ. ధర పెంచమంటే నవ్వింది.

పూత అయ్యేదాకా సువజారా రాదు. హాజరు పట్టీలో పేరు కొట్టెయ్యండి. వాళ్ళ దేశంలో, ఆ ఫొటోలో, అది రోజూ బడికి వస్తూనే ఉంటుంది.