పిందెలతో పేర్చిన ఊరు

మార్చి, మంగళవారం

"గురుకులం ఎంట్రన్స్ అయిపోగానే మీ సోషల్ పీరియడ్ మీకిచ్చేస్తానండీ" అని అప్పటి మా హెడ్మాస్టరు పరంధామయ్య మాటిచ్చాడు. నేను రిటైరయ్యేదాకా ఆ పీరియడ్‌లో లెక్కలే చెప్పించాడు.

అంతకుముందు ఆ పీరియడ్‌లో నాలుగో తరగతి పిల్లల్ని ఆగిరిపల్లి రోడ్డు పక్క మామిడితోటకు తీసుకెళ్లేవాణ్ణి. రాలిన పిందెలు ఇళ్లుగా, పుల్లలు రోడ్లుగా నేల మీద మన ఊరిని పేర్చేవాళ్లు. "మా పేట ఏదిరా? మమ్మల్ని ఊళ్లోంచి తీసేశారేంటి?" అని ఓసారి మేరీ అనే పిల్ల గొడవకు దిగింది. మిగతావాళ్లు తమ ఇళ్లు జరిపి చోటిచ్చారు. ఎన్ని పుస్తకాలు చదివినా సమాజమంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. ఆ గొడవ ఇంకొక్కసారి వినాలని ఉంది.

అందుకే ఇవాళ బడికి వెళ్లాను. ఒక్క పూట పిల్లల్ని తోటకు పంపమని టీచరు సుజాతను అడిగాను.

"తోటలో పాఠమేంటి మాస్టారూ, పిల్లలు కాయలు కోసుకుంటారు గానీ!" అని నవ్వింది.

సుజాత నా దగ్గరే చదివింది. తోట మానేసిన ఏడాదే తను నాలుగో తరగతి. తనకు దక్కనిది పిల్లలకు ఇమ్మంటే ఎక్కణ్ణించి తెస్తుంది?

సుజాతను ఏమీ అనను. అనాల్సింది హెడ్మాస్టరు పరంధామయ్యను.