రోజాలు తప్పకూడదని

పర్చూరు,
14 జూలై 2025.

సైమాకు నీ షమీమ్ పిన్ని దువా.

అంతా క్షేమమని మొదలుపెట్టడం అలవాటు. మీ అమ్మ పోయి నాలుగు నెలలు కావస్తోంది, ఆ మాట ఈసారి రాయలేను. మీ నాన్న అల్లాబక్షు బావ వేళకు తింటున్నాడు, పత్తి గింజలు నాటించాడు. ఎవరితోనూ మాట్లాడడం లేదు. నిన్న ఫోన్లో నువ్వు ఏడ్చావు, అందుకే రాస్తున్నాను.

నువ్వు కొనిచ్చిన గర్భనిరోధక మాత్రల అట్ట వల్లే అమ్మ పోయిందన్నావు. ఆ భయంతో నీ మాత్రలు కూడా చెత్తలో పారేశానన్నావు. ఆపరేషన్ కాన్పయి ఇంకా ఏడాది కాలేదు. రెండేళ్ళ ఎడం లేకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది కదా. దుఃఖంలో ఉన్నావని ఊరుకోను. బుద్ధుందా నీకు?

నేను పదేళ్ళుగా ఆశా కార్యకర్తగా ఇంటింటికీ ఇస్తున్న మాత్రలవి. విషం కాదు, అలాగని అందరి ఒంటికీ పడవు. బీపీ ఉన్నవాళ్ళు, ముప్పై అయిదు దాటి పొగ తాగేవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులతో పార్శ్వపు నొప్పి వచ్చేవాళ్ళు, ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్ళు వేసుకోకూడదు. ఒకటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతది మామూలు వేళకే. రెండు మరిస్తే ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. ఒక పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో పోటొచ్చినా, ఆయాసమొచ్చినా, చూపు మసకబారినా మాత్ర ఆపి ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇవన్నీ నాకు నోటికొచ్చు.

మీ అమ్మకు నలభై రెండు. బీపీ ఉంది, దాని మాత్ర మానేసి చాలా రోజులైంది. రంజాన్ సరిగ్గా మిరపకోతల్లో వచ్చింది. నెలసరొస్తే ఉపవాసం ఉండకూడదు, అలా తప్పిన రోజాలు తర్వాత మే ఎండల్లో ఉండాలి, అది తన వల్ల కాదనుకుంది. అందుకని నెలంతా నెలసరి రాకుండా ఈ మాత్రలు మొదలుపెట్టింది. మన వీధి ఆడవాళ్ళలో సగం మంది ఏటా చేసే పనే. పన్నెండో రోజాకు మరక కనిపిస్తే రోజుకు రెండేసి వేసుకుంది. ఎడమ పిక్క వాచింది. పొద్దంతా చేలో నిలబడి కాయ కోసినందుకే అనుకుంది. ఇరవై నాలుగో రోజా నాడు చేలోనే ఆయాసపడి కూలబడింది. గుంటూరు చేరేలోపే అయిపోయింది. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయిందని అక్కడి డాక్టరు చెప్పాడు. ఎవరినీ అడగకుండా వేసుకుంది, దానికి నువ్వేం చేస్తావు?

ఈ వారంలోనే ఆసుపత్రికి వెళ్ళు. బీపీ చూపించుకో. మీ అమ్మ ఎలా పోయిందో డాక్టరమ్మకు ముందే చెప్పు. తల్లికి అలా జరిగింది కాబట్టి నీకు ఈ మాత్రలు వద్దని కాపర్-టీ వేస్తానంటే వేయించుకో. అప్పటిదాకా మీ ఆయన సాదిక్‌ని జాగ్రత్తపడమను, సిగ్గుపడకు. చంటిదానికి నా ముద్దులు.

నీ మేలు కోరే,
షమీమ్ పిన్ని.

తా.క.: సంతకం పెట్టాక కవరు అంటించలేకపోయాను. మీ అమ్మ ఎవరినీ అడగలేదని పైన రాశాను. అబద్ధం. నన్నే అడిగింది. నువ్వు కొనిచ్చిన అట్ట బీరువాలో చింపకుండా అలాగే ఉంది, మొన్న నేను అక్క చీరలు తీస్తుంటే దొరికింది. ఆమె మింగినవన్నీ నా సంచిలోవి. సొంత అక్కే కదా అని బీపీ చూడలేదు. రెండేసి వేసుకోమన్నదీ నేనే. ఉద్యోగం పోతుందని, మీ నాన్న మొహం చూడలేనని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. నేరం నీ నెత్తిన వేసుకుని నువ్వు కుమిలిపోతున్నా ఊరుకున్నాను. రేపు మీ నాన్నకు చెబుతాను. ఆ తర్వాత మా ఆరోగ్య కేంద్రం డాక్టరు గారికి చెబుతాను. నీకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఇరవై ఒకటో రోజు సాయంత్రం రోజా విడిచాక అక్క మా ఇంటికొచ్చి ఆ కాలు చూపించింది, మాత్రలు ఆపేయనా అని అడిగింది. ఇంకా ఎనిమిది రోజులే కదా, ఇప్పుడు ఆపితే నెలసరొచ్చి మిగిలిన రోజాలు పోతాయన్నాను. సరేనని నేనిచ్చిన నీళ్ళతో నా ముందే రెండూ మింగింది.