సిటీ అప్పూ, ప్రసాద్ కొబ్బరికాయా

మంగళవారం

యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ ఇంట ఆవకాయ జాడీకి మూత పెట్టనివారు శిక్షార్హులు. దోషిని నేనే. ఇవాళ బుర్ర మరోచోట ఉంది.

బిల్డర్ ప్రసాద్ అపార్ట్‌మెంట్లకి మా సిటీ కౌన్సిల్ అప్పివ్వాలా వద్దా అని సాయంత్రం ఓటింగ్. ముహూర్తం దాటిపోతుందని ఆ మహానుభావుడు పొద్దున్నే భూమిపూజ చేసేసి, మేయర్ చేత కొబ్బరికాయ కూడా కొట్టించాడు. బ్యాంకులన్నీ పొమ్మన్నాకే సిటీ మీద పడ్డాడు. ఆ అప్పు మునిగితే మొదటి కోత సిటీ లైబ్రరీకే, అంటే అక్కడ పనిచేసే మా ఆవిడ పద్మకే.

అందుకే మీటింగులో జనం మాట్లాడే వంతు రాగానే మైకు ముందు నిలబడి, పక్క కౌంటీలో ఒక ఊరు ఇలాగే అప్పిచ్చిందనీ, బిల్డర్ చేతులెత్తేస్తే ఇప్పుడు ఆ పునాదుల్లో బాతులు ఈదుతున్నాయనీ చెప్పాను. అందరూ నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. ఓటింగ్ వచ్చే వారానికి వాయిదా పడింది.

పార్కింగ్‌లో ప్రసాద్ పట్టుకున్నాడు. "ఏ ఊరు బావా అది? రేపే డ్రైవ్ చేసుకుని వెళ్లి చూసొస్తా."

"చాలా దూరం లేరా."

"పక్క కౌంటీ అన్నావుగా!"

కౌన్సిల్ వాళ్లూ అదే అడుగుతారు. అప్పుడు నేను నవ్వులపాలు, అప్పు పాసై పద్మ ఉద్యోగం గంగపాలు. అటూ ఇటూ దొర్లుతున్నాను, నిద్ర రావడం లేదు. బాతులు మాత్రం నిజం, మా వీధి చివర చెరువులోవే. ఊరే లేదు.